పరీక్ష లేని రొయ్య పిల్ల: చెరువుకు చేటు

సంతలో కొన్న గొడ్డును రైతు వెంటనే మందలో కలపడు. నాలుగు రోజులు వేరే కట్టేసి చూస్తాడు. లక్షలు పోసే రొయ్యల సాగులో మాత్రం ఈ ముందుచూపు కొరవడుతున్నది.

1994-95లో కోస్తా రైతాంగాన్ని ముంచిన తెల్లమచ్చ తెగులును మరువరాదు. అది వైరస్. దానికి మందు లేదు. సోకితే వారం, పది రోజుల్లో చెరువు ఖాళీ. యాంటీబయాటిక్ మందులు వైరస్‌ను చంపవు సరికదా, వాటి అవశేషాలు కనిపిస్తే విదేశాల వారు సరుకును తిప్పి పంపుతారు.

2009లో వనామీకి అనుమతి వచ్చింది మొదలు, విదేశీ తల్లి రొయ్యలను చెన్నై నీలాంకరైలో విడిగా ఉంచి, పరీక్షించాకే హేచరీలకు ఇస్తున్నారు. తల్లికి ఉన్న కట్టుదిట్టం పిల్లకు ఎందుకు ఉండరాదు? చౌక అని పరీక్ష లేని పిల్లను రాత్రికి రాత్రి దింపుకున్న మా ఊరి రైతుకు చివరకు అప్పే మిగిలింది.

పి.సి.ఆర్. పరీక్ష చీటీ చూడనిదే రైతులు పిల్లను కొనరాదు. తెగులు తగిలిన చెరువు నీటిని బ్లీచింగ్ చల్లకుండా కాలువలోకి వదలడం పొరుగువాని నోట మట్టి కొట్టడమే. పరీక్షా కేంద్రాలు రైతుకు అందుబాటులో ఉండేలా మత్స్యశాఖ అధికారులు తగు చర్యలు తీసుకోవలసి ఉన్నది.