ఫోటోకి ముబారక్, బేటీకి మనాయీనా?

2024 జనవరి 6న ఆదిత్య-ఎల్1 తన మంజిల్ చేరింది. ఆ రోజు మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపు నిండా ప్రాజెక్ట్ డైరెక్టర్ నిగార్ షాజీ ఫోటోలే. "మాషా అల్లాహ్", "ఫఖ్ర్ హై" అంటూ ఒకటే ముబారక్‌లు. నేనూ పెట్టాను.

అదే వారం ఖాలా ఇంటికి వెళ్తే, పదో తరగతి చదివే మనవరాలికి ఎంపీసీ వద్దని మష్వరా నడుస్తోంది. "ఆడపిల్లకి అన్ని లెక్కలెందుకు బేటా? మంచి రిష్తా చూద్దాం" అంది ఖాలా. గ్రూపులో అందరికంటే ముందు ముబారక్ చెప్పింది ఆమే!

ఆ పిల్ల మెల్లగా అడిగింది: "మామూ, సూరజ్ దగ్గరికెళ్తే అది కాలిపోదా?"

కాలిపోదమ్మా. అది మన నుంచి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. సూరజ్ ఉన్న దూరంలో అది వందో వంతు. 2023 సెప్టెంబర్ 2న మన శ్రీహరికోట నుంచే వెళ్లింది. అందులో ఏడు పరికరాలు. నాలుగింటి నజర్ సూరజ్ మీదే. మిగతా మూడూ తమ దాకా వచ్చే కణాల్నీ, అయస్కాంత క్షేత్రాన్నీ కొలుస్తాయి. వీఈఎల్‌సీ అనేది సూరజ్ నడిబింబపు వెలుగును తప్పించి, చుట్టూ ఉండే కరోనాను చూస్తుంది. మనకైతే అది సంపూర్ణ గ్రహణం నాడు కొద్ది నిమిషాలే కనిపిస్తుంది. సూట్ అతినీలలోహిత కాంతిలో ఫోటోలు తీస్తుంది. ఇంకో రెండు ఎక్స్-కిరణాల్ని పట్టుకుంటాయి.

ఇదంతా షౌక్ కోసం కాదు. 1989 మార్చిలో సౌర తుఫాను వల్ల కెనడాలోని క్యుబెక్‌లో దాదాపు 9 గంటలు కరెంటు పోయింది. ఆ తుఫానుల ఖబర్ ముందే తెలియాలి.

నిగార్ షాజీ తమిళనాడు సెంగోట్టైలో ఒక కిసాన్ బేటీ. 1987లో ఇస్రోలో చేరింది. ఆ ఇంట్లోనూ "లెక్కలెందుకు" అని ఉంటే, ఈ రోజు మనం ఎవరి ఫోటో పంపుకునేవాళ్లం?

ఖాలాతో ఒకటే అన్నాను: "మస్జిద్ గోడ మీది నమాజ్ వక్తుల చార్ట్ సూరజ్ లెక్కే కదా. రోజుకు ఐదుసార్లు ఆ లెక్క మీదే నడుస్తూ, అది పిల్లకి పనికిరాదంటే ఎలా?"

నేను లెక్కలకి భయపడి తెలుగు డిగ్రీలోకి వచ్చినవాణ్ణి. ఆ పిల్లకి భయం లేదు. మనమే పెడుతున్నాం.

ఖాలా ఇంకా హా అనలేదు. జుమ్మా తర్వాత మళ్లీ వెళ్తాను. మీ ఇంట్లోనూ అలాంటి బేటీ ఉంటే, ఫోటో ఫార్వర్డ్ చేసే ముందు ఆమెతో ఒకసారి మాట్లాడండి.