సేనానులకూ ఒక కోశం

కండ్లకోయ చుట్టుపక్కల కాలేజీల్లో చదివే పిల్లలకు ఫోన్‌లో నెపోలియన్ సంగతులు క్షణంలో దొరుకుతాయి. మన సేనాని గోన గన్నారెడ్డి దగ్గరికొచ్చేసరికి చరిత్ర ఎంతో, నవలా సినిమాలు కల్పించింది ఎంతో తేలదు. తెలుగునేల సేనాపతుల మీద ఆధార గ్రంథం కావాలనేది అందుకే. రేచర్ల రుద్రుడి పేరు కింద 1213 నాటి పాలంపేట శాసనాన్ని చూపినట్టు, ప్రతి మాటకూ సాక్ష్యం పక్కనే ఉండాలి. ఇలాంటి కోశం తేవడం యుద్ధాలను కీర్తించడమేనన్న అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. కానీ కోశం భజన చేయదు. కాకతీయుల గజసాహిణి (ఏనుగుల దళాధిపతి) జాయప అందులో ‘నృత్తరత్నావళి’ కర్తగానూ కనిపిస్తాడు. 1687లో గోల్కొండ కోసం ఒళ్లంతా గాయాలతో పోరాడిన అబ్దుల్ రజాక్ లారీకీ, ఔరంగజేబు సైన్యానికి కోట తలుపు తీయించిన అబ్దుల్లా ఖాన్ పన్నీకీ (అకారాదిలో ఇరుగుపొరుగులే) చోటుంటుంది.