పుండును గీకే ముందు ఒక్క మాట

పొట్ట మీద సంచి పెట్టుకున్నవారికి చర్మం పాడవడం మా వార్డులో కొత్త విషయం కాదు. అల్సరేటివ్ కొలైటిస్ లేదా క్రోన్స్ అనే పేగుల జబ్బు ముదిరినప్పుడు ఆపరేషన్ చేసి, పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలిస్తారు. ఆ పేగు నోటినే స్టోమా అంటాము. సంచి సరిగా అంటక పల్చటి మలం కారితే చుట్టూ చర్మం ఎర్రబడి ఒరుసుకుపోతుంది. స్టోమాను కొలిచి, సంచి రంధ్రాన్ని దానికంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా కత్తిరించి, చర్మం బాగా ఆరాక అంటిస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. అలా తగ్గని పుండు ఒకటి ఉంది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

కొన్నేళ్ళ క్రితం కోదాడ వైపు నుండి ఒకాయన వచ్చారు. స్టోమా పక్కన చిన్న పొక్కు లేస్తే చీముగడ్డ అనుకొని ఎక్కడో కోయించుకున్నారట. వారం తిరిగేసరికి అది రూపాయి బిళ్ళను మించింది. మేమూ అదే తప్పు చేశాము. అంచుల్లో నల్లబడిన కండను తీసి శుభ్రం చేయమని నేనే జూనియర్ సిస్టర్‌కు చెప్పాను. "సిస్టరమ్మా, ముట్టుకోకుండ్రి, పానం పోతున్నది" అని ఆయన మంచం పట్టె గట్టిగా పట్టుకున్నారు. "డ్రెస్సింగ్ అన్నాక కొంచెం నొప్పి ఉంటుందయ్యా, ఓర్చుకోవాలి" అన్నాను. ఆ మాటకు ఈ రోజుకూ సిగ్గుపడుతున్నాను. మూడో నాటికి పుండు ఇంకా పెరిగింది.

హైదరాబాదులో చర్మవైద్యులు చూసి పయోడెర్మా గాంగ్రినోజం అన్నారు. 1930లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు పెట్టిన పేరు ఇది. సూక్ష్మక్రిముల వల్ల వచ్చే చీము, కుళ్ళు అని వారు అప్పట్లో అనుకున్నారు. నిజానికి ఇది క్రిముల వల్ల వచ్చేది కాదు, అంటుకునేదీ కాదు. పేగుల మీద తిరగబడిన మన రోగనిరోధక శక్తే చర్మం మీద కూడా తిరగబడుతుంది. గాయం తగిలిన చోట ఇంకా రెచ్చిపోతుంది. అందుకే కోసినకొద్దీ పెరుగుతుంది. పేరే తప్పుదారి పట్టిస్తుంటే పాపం డ్రెస్సింగ్ చేసేవారు ఏం చేస్తారు?

గుర్తుపట్టడానికి నేను ముందు చూసేది నొప్పిని. కంటికి కనిపించే పుండుకూ రోగి పడే బాధకూ పొంతన ఉండదు. అంచు వంగపండు రంగులో ఉండి, లోపలికి తొలిచినట్టు ఉంటుంది. రోజుల్లోనే వెడల్పవుతుంది. కాళ్ళ మీద, ముఖ్యంగా పిక్కల ముందు భాగంలో, ఇలాంటి పుండు ఎప్పుడైనా వచ్చిందా అని అడగాలి. పేగుల జబ్బు నెమ్మదించి ఉన్నప్పుడు కూడా ఇది రావచ్చు. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు రావచ్చు, ఏళ్ళ తర్వాతా రావచ్చు.

దీనికి మందులు స్టిరాయిడ్లు, టాక్రోలిమస్ పూత, మొండి కేసుల్లో సైక్లోస్పోరిన్ లేదా ఇన్‌ఫ్లిక్సిమాబ్. ఇవి మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేవి కావు. మన ప్రాంతంలో పేగుల క్షయ కూడా అచ్చం క్రోన్స్ జబ్బులాగే కనబడుతుంది. క్షయ ఉందో లేదో తేల్చకుండా స్టిరాయిడ్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. షుగరు ఉన్నవారి సంగతి వేరే చెప్పాలా? కనుక వైద్యుని పరీక్ష తప్పనిసరి. ఈలోగా మనం చేయవలసింది ఉప్పునీటి సెలైన్‌తో మెల్లగా కడగడం, అంటుకోని డ్రెస్సింగ్ వేయడం, సంచిని లాగకుండా తీయడం. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, పసుపు, ఆకుపసరు ఏదీ వద్దు. గీకడం అసలే వద్దు.

ఇది పట్నంవారి జబ్బు, మనకెందుకు అనే సిస్టర్లు ఉన్నారు. పల్లెల్లో కూడా పట్టణాలతో సమానంగా ఈ పేగుల జబ్బులు ఉన్నాయని హైదరాబాదులోని ఏఐజీ వైద్యులు 2023లో ప్రచురించారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో డ్రెస్సింగ్ గదిలో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఈ పుండు ఫోటో చూపించాలని నా అభిప్రాయం. డాక్టరుగారి కంటే ముందు సంచి విప్పి చూసేది మనమే. సూర్యాపేట, నల్లగొండల్లో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. అనుమానం వచ్చిన రోజే పంపడానికి దూరం అడ్డు కాదు.

ఆయనకు మందు మొదలైన నాలుగో రోజుకు పుండు అంతే ఉంది గాని నొప్పి తగ్గింది, రాత్రి నిద్రపోయారు. పూర్తిగా మానడానికి నెలలు పట్టింది. జల్లెడలాంటి మచ్చ మిగిలింది. ఇప్పటికీ సంచి మార్పించుకోవడానికి వస్తే, నేను చేయి వేసేముందు ఒకసారి నా ముఖం వైపు చూస్తారు.