గట్టు మీద సిగ్నల్, గూడెంలో చదువు

అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో సిగ్నల్‌కు ఒక చోటంటూ ఉంటుంది. గూడెం లోయలో ఉంటే, ఆ చోటు గట్టు మీద ఉంటుంది. మధ్యలో కొండ అడ్డొస్తే టవరు దగ్గర్లోనే ఉన్నా ఫోన్ పలకదు. రేషన్ బియ్యం కోసం ఈ-పోస్ యంత్రాన్ని గట్టుకు మోసుకెళ్లడం, వేలిముద్ర వేయడానికి ముసలివాళ్లు వెనకే ఎక్కడం ఏజెన్సీలో ఏళ్లుగా కనిపించిన దృశ్యం. తీరా ఎక్కాక, కొండపోడులో అరిగిన వేలిని యంత్రం గుర్తించకపోతే అవ్వ చేతిని చీరకొంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది. అలాంటప్పుడు కాగితం మీద సంతకం చెల్లాలి. యంత్రం మొరాయించినంత మాత్రాన బియ్యం ఆగడం అన్యాయం.

టవర్లు పెరిగిన మాట నిజం. 24,680 మారుమూల గ్రామాలకు 4జీ అందించేందుకు కేంద్రం 2022 జులైలో రూ.26,316 కోట్ల పథకాన్ని ఆమోదించింది. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభమైన 100 టవర్లలో 85 ఈ జిల్లావే. అయినా గాలివానకు కరెంటు పోయి, బ్యాటరీ దిగిపోతే టవరూ మూగబోతుంది. అందుకే ఇక్కడ పనికొచ్చే పరికరానికి మొదటి లక్షణం, నెట్ లేకుండా నడవడం. 2023 డిసెంబరు 21న చింతపల్లిలో మొదలుపెట్టి ఎనిమిదో తరగతి పిల్లలకు పంచిన ట్యాబ్‌లలో పాఠాలు ముందే ఎక్కించి ఉన్నాయి. మన్యానికి సరిపడిన ఏర్పాటు అది.

భాష సంగతి ఇంతకన్నా లోతైనది. ఇంట్లో కువి, కొండ, పోర్జ, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలకు ఒకటో తరగతిలో తెలుగే పరాయిది. నీళ్ల బొమ్మ చూసి తన ఒడియాలో 'పాని' అన్న పిల్ల తప్పు చెప్పినట్టు కాదు. ఈ ఇబ్బందిని గుర్తించే ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కువి, కొండ, సవర, కోయ సహా ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలు తెచ్చి మాతృభాషా బోధన మొదలుపెట్టారు. ఆ వాచకాలకు గొంతు ఇవ్వడం ఫోన్ చేయగల అతి చవకైన, అతి విలువైన పని. గూడెంలోని అవ్వ కువిలో చెప్పిన రెండు నిమిషాల కథను రికార్డు చేస్తే, అది మెమరీ కార్డులోనో బ్లూటూత్‌లోనో బడి నుంచి బడికి వెళ్తుంది. డేటా ఖర్చు లేదు, సిగ్నల్‌తో పని లేదు.

గిరిజన భాషల అనువాదానికి కేంద్రం 2025 సెప్టెంబరులో తెచ్చిన 'ఆది వాణి' సంతాలీ, భిలీ, ముండారీ, గోండీలతో మొదలైంది. కువి, కొండ భాషలు ఇలాంటి వ్యవస్థల్లోకి రావాలంటే యంత్రం నేర్చుకోవడానికి వాటి మాటలు ముందు పోగుపడాలి. గూడెం రికార్డింగులు అందుకూ పనికొస్తాయి. అయితే ఊరి పాటను గానీ మందుచెట్ల గుట్టును గానీ నెట్‌లో పెట్టేముందు చెప్పినవాళ్లను అడగాలి. ఎక్కడ పెడుతున్నారో, ఎవరు వింటారో వాళ్ల భాషలోనే వివరించాలి. వద్దంటే ఆ రికార్డు గూడెం దాటకూడదు.