తలుపు డబ్బాకా, అలమరకా?

కొత్త ఫ్లాటు కొన్న దంపతులు గోడల రంగును ఒక్క సాయంత్రంలో తేల్చేయగలరు. తగువు మొదలయ్యేది వంటింటి దగ్గర. గోడ మీది అరల్ని తెరిచి ఉంచాలా, తలుపులు బిగించాలా? ఇంటీరియర్ డిజైనర్ చేతిలోని కేటలాగు రెంటినీ అందంగానే చూపిస్తుంది. ఫొటోలోని తెరిచిన అర మీద నాలుగు తెల్ల పింగాణీ కప్పులు, ఒక చిన్న మొక్క ఉంటాయి. కందిపప్పు డబ్బా, ఇడ్లీ పాత్ర, మసిబారిన మూకుడు, మూడు సైజుల కుక్కర్లు ఎక్కడికి పోయాయో కేటలాగు చెప్పదు.

విచిత్రమేమంటే, ఇప్పుడు ఫ్యాషన్ పేరుతో తిరిగొస్తున్న తెరిచిన అర ఇక్కడి ఇళ్లకు కొత్తదేమీ కాదు. దక్షిణాది మధ్యతరగతి ఇళ్లలో చాలాకాలం గోడలోకి దించిన కడప బండలే అలమర. చవక, నీటికి ఉబ్బదు, చెద పట్టదు. ఆ నల్లరాయి ముంబై, పుణెల దాకా వెళ్లి అక్కడి వంటగట్లలో 'కడప్పా' అన్న పేరుతోనే స్థిరపడింది. దాని మీద మొదట ఇత్తడి, తర్వాత స్టీలు గిన్నెలు వరుసగా బోర్లించేవారు. పేర్లు చెక్కించుకున్న ఆ గిన్నెలు దాచుకునే సరుకు కాదు, నలుగురికీ చూపించుకునే ఆస్తి. అదే స్టీలు సామానుతో సుబోధ్ గుప్తా 2006లో 'వెరీ హంగ్రీ గాడ్' పేరిట ఒక భారీ పుర్రెను నిర్మించి కళాప్రపంచాన్ని తనవైపు తిప్పుకున్నారు.

తలుపులకూ ఒక చరిత్ర ఉంది. 1926లో ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ మార్గరెటె షూటె-లిహోట్స్కీ ఫ్రాంక్‌ఫర్ట్ నగర గృహనిర్మాణ పథకం కోసం రూపొందించిన వంటగదే నేటి మాడ్యులర్ కిచెన్‌కు ముత్తవ్వ. 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు, అంతే. ఆమె ధ్యాసంతా గృహిణి వేసే అడుగుల్ని తగ్గించడం మీదే. అందుకే బియ్యం, పంచదారలాంటి సరుకులకు చేతికందే ఎత్తులో అల్యూమినియం సొరుగులు పెట్టారు. ఆ ఆలోచన ఇక్కడికి చేరేసరికి అడుగుల లెక్క పోయి మెరుపు మిగిలింది. 2013లో ఏషియన్ పెయింట్స్ స్లీక్ అనే కిచెన్ కంపెనీలో 51 శాతం వాటా కొన్నప్పుడే ఈ వ్యాపారం ఎటు పోతోందో అర్థమైంది. ఐకియా 2018 ఆగస్టులో దేశంలో తన మొదటి స్టోర్‌ను హైదరాబాద్‌లో తెరిచింది.

పెరట్లోనో, ఇంటి వెనకనో ఉండే వంటిల్లు అపార్ట్‌మెంట్లలో హాలు పక్కకు రావడం మరో కారణం. అతిథి సోఫాలో కూర్చుంటే వంటగట్టు కనిపిస్తుంది. తలుపుల వెనక దాచేది గిన్నెల్ని మాత్రమే కాదు, అక్కడ జరిగే చాకిరీని కూడా.

ఇక అసలు సంగతి, జిడ్డు. ఆవాలు చిటపటలాడేంత వేడికి నూనె కాగినప్పుడు సన్నటి తుంపర పైకి లేస్తుంది. అది అర మీద, గిన్నె మీద, డబ్బా మూత మీద పొరలా కూర్చుంటుంది. దానికి వీధి దుమ్ము తోడైతే గుడ్డతో తుడిస్తే పోని బంక తయారవుతుంది. ఉడకబెట్టడం, ఓవెన్‌లో కాల్చడం ఎక్కువగా ఉండే వంటిళ్లకు సరిపోయిన తెరిచిన అర, రోజుకు రెండుసార్లు తాలింపు వేసే ఇంట్లో వారానికోసారి సబ్బునీళ్లు అడుగుతుంది. ఆ గుడ్డ ఎవరి చేతిలో ఉంటుందన్నది వేరే చెప్పనక్కర్లేదు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే మహిళలు అందుకు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు. చేసే మగవాళ్లు వెచ్చించింది 97 నిమిషాలు. 'తెరిచిన అరలే బాగుంటాయి' అని ఉత్సాహపడే భర్త ముందు ఈ రెండు అంకెలూ పెట్టి మాట్లాడటం మంచిది.

అలాగని తలుపు పుణ్యాత్మురాలు కాదు. చీకటి, వెచ్చదనం, చెమ్మ కలిసిన చోటు బొద్దింకలకు పుట్టిల్లు. సింకు కింది అలమరలో ఈ మూడూ ఉంటాయి. అక్కడ పైపు కారుతున్నా తలుపు మూసి ఉంటే చాలారోజులు ఎవరికీ తెలియదు. జియో బేబీ తీసిన మలయాళ సినిమా 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' (2021)లో కారే సింకు దాదాపు ఒక పాత్రే. ప్లంబర్‌ని పిలవడం భర్తకు ఎప్పటికీ గుర్తురాదు. చవకలో వస్తుందని ఎండీఎఫ్ వేయించుకుంటే తడికి బిస్కెట్టులా ఉబ్బుతుంది. సింకు చుట్టూ ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ కంటే తక్కువ దేన్నీ ఒప్పుకోకూడదు. కోస్తా ఊళ్లలో అయితే మడతబందులు తుప్పు పట్టనివేనా అన్నదీ అడగాలి. షోరూంలో మెత్తగా మూసుకునే తలుపు చూసి మురిసిపోయేవాళ్లు ఈ ప్రశ్న సాధారణంగా అడగరు.

ఎత్తు మరో చిక్కు. భారతీయ మహిళ సగటు ఎత్తు 152 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. సీలింగు దాకా కట్టిన పై అలమరల్లో సగం ఆమెకు అందవు. స్టూలెక్కి తలుపు తీసేలోపు పొయ్యి మీద పాలు పొంగుతాయి. ఐకియా సైతం హైదరాబాద్ స్టోర్‌లో కొన్ని అలమరల్ని, వంటగట్లను కిందికి దించి ప్రదర్శించింది.

ఈ వాదనలో అందరూ మరిచే ఒక విషయం ఉంది. పప్పులు, ఉప్పులు, కారాలు అన్నీ మూత బిగిసిన డబ్బాల్లోనే ఉంటాయి. పోపుల పెట్టెలో అయితే చిన్న గిన్నెలన్నింటినీ కప్పే ఒక పెద్ద మూత. అంటే తలుపు అప్పటికే డబ్బాకు ఉంది. దాని మీద అలమరకు మరో తలుపు పెట్టించడమంటే ఒకే సరుకుకు రెండుసార్లు డబ్బు కట్టడమే. మాడ్యులర్ బిల్లులో తలుపులు, బందుల వాటా చిన్నదేమీ కాదు. పైగా కళ్లెదుట వరుసగా ఉన్న డబ్బాల్లో ఏది నిండుకుందో చూడగానే తెలుస్తుంది. చూపు తగ్గిన, మతిమరుపు వచ్చిన పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది చిన్న సౌకర్యం కాదు.

కాబట్టి గోడంతా ఒకే రకంగా ఉండాలన్న పట్టుదల వదిలేస్తే తగువు సగం తీరుతుంది. పొయ్యికి అటూ ఇటూ చేయి చాచినంత మేర తెరిచిన అర వద్దు. గట్టు కింద అలమరల కంటే సొరుగులు మేలు, నడుం వంచి వెతికే పని ఉండదు. సింకు కింద గాలి ఆడే తలుపు చాలు. రోజూ కడిగే కంచాలు, గ్లాసులకు సింకు పైన స్టీలు స్టాండు. వాటిని రోజూ కడుగుతారు కనుక జిడ్డు పట్టే వ్యవధే ఉండదు. పండక్కి తీసే సామాను అటక మీదికి.

అద్దె ఇళ్లలో ఈ చర్చకు తావే లేదు. ఇంటి యజమాని ఏ బండలు దించితే అవే అరలు. రెండు మేకులు కొట్టి, స్ప్రింగు తీగ లాగి, పాత చీర చింపి కుట్టిన కర్టెన్ వేలాడదీస్తారు. జిడ్డు పట్టినప్పుడు దాన్ని తీసి మిగతా బట్టలతోపాటు నానబెడతారు.