కాలాపానీకి కట్టిన ఖరీదు

కేంద్ర హోం శాఖ పద్దులలో ఒక చిన్న వివరం చాలామంది పార్లమెంటు సభ్యుల దృష్టికి రాదు. స్వాతంత్ర్య సమరయోధుల పింఛను అందరికీ ఒకే రేటున లేదు. 2016 ఆగస్టు 15 నుంచి అమలైన సవరణ ప్రకారం స్వదేశంలోని జైళ్ళలో మగ్గినవారికి నెలకు మూల పింఛను 26,000 రూపాయలు. బ్రిటిష్ ఇండియా వెలుపల కష్టాలు పడినవారికి 28,000. అండమాన్ రాజకీయ ఖైదీలకు, లేదా వారి జీవిత భాగస్వాములకు 30,000. కరవు భత్యం దీనికి అదనం. అంటే సెల్యులార్ జైలు బాధకూ, రాజమండ్రి జైలు బాధకూ ఉన్న తేడాను ప్రభుత్వం తూచి, నెలకు నాలుగు వేలని తేల్చిందన్నమాట.

నేను దీనిని ఎగతాళికి చెప్పటం లేదు. చిత్రహింస అనుభవించిన మనిషికి రాజ్యం బాకీ పడుతుందనీ, ఆ బాకీని ఖజానా నుంచి ఏటేటా తీర్చవలసిందేననీ ఢిల్లీ ఒప్పుకున్న అరుదైన సందర్భమిది. కాకపోతే ఆ హింస పెట్టింది పరాయి ప్రభుత్వం. ఒప్పుకోవటం అందుకే తేలికయిందేమో.

తేలికయిందన్న మాటే గాని త్వరగా అయిందనలేము. అండమాన్ ఖైదీలకు ప్రత్యేక పింఛను పథకం వచ్చింది 1969లో. సమరయోధులందరికీ వర్తించే కేంద్ర పథకం 1972లో వచ్చింది. అందులో ఉన్న ఆదాయ పరిమితిని తొలగించటానికి 1980 దాకా పట్టింది. ఉల్లాస్కర్ దత్తు కథ ఇక్కడ చెప్పుకోవాలి. అలీపూర్ బాంబు కేసులో ఉరిశిక్ష పడి, అది యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మారి ఆయన అండమాన్ చేరారు. ఆ జైలులో మనుషులను ఎద్దులకు బదులు గానుగకు కట్టేవారు. రోజుకు 30 పౌనుల కొబ్బరినూనె ఆడి తీరాలి. 1912లో ఆయన తోటి ఖైదీ ఇందుభూషణ్ రాయ్ ఉరిపోసుకున్నాడు. ఆ సంవత్సరమే ఉల్లాస్కర్‌ను చేతులకు బేడీలు వేసి గోడకు వేలాడదీశారు. జ్వరంతో ఉన్న ఆ మనిషికి మతి చలించింది. తరువాత ఆయనను మద్రాసు పిచ్చాసుపత్రికి తరలించారు. 1920లో విడుదలైనాక మరో నలభై అయిదేళ్ళు బ్రతికి 1965లో కన్నుమూశారు. అండమాన్ పథకం రావటానికి అప్పటికింకా నాలుగేళ్ళు ఉంది.

ఆ దీవులతో తెలుగువారికి సంబంధం లేకపోలేదు. రంప పితూరీలో అల్లూరి సీతారామరాజు అనుచరుడై ద్వీపాంతర శిక్ష అనుభవించిన గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికై వచ్చి, ఆయనను ఖైదు చేసిన రాజ్యం కట్టించిన భవనంలోనే కూర్చున్నారు. ఈనాడు ఆ దీవులలో తెలుగు మాట్లాడే కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నవి.

అయితే అక్కడ చిత్రహింస ఆంగ్లేయులతో ముగియలేదు. 1942 మార్చిలో జపాను సైన్యం దిగింది. గూఢచారులన్న నెపంతో స్థానికులను అదే జైలులో పెట్టి హింసించింది. వైద్యుడు దివాన్ సింగ్ 1944 జనవరి 14న ఆ దెబ్బలతోనే చనిపోయారు. ఆ నెల 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చివేశారు. బ్రతికి బయటపడినవారి సంగతి ఎవరు చూడాలి? 1952 జూన్ 9న జపానుతో చేసుకున్న సంధిలో భారత ప్రభుత్వం నష్టపరిహార హక్కులన్నిటినీ వదులుకున్నది. నెహ్రూ గారి ఔదార్యంగా దానిని అప్పుడు మెచ్చుకున్నారు. ఔదార్యమే, కాదనను. కాని వదులుకున్న హక్కులో గోళ్ళు ఊడబెరికించుకున్న దీవివాసుల వాటా కూడా ఉన్నది. వారిని అడిగినవారు లేరు.

ఇక 1979 సంగతి. ఆ ఫిబ్రవరి 11న ప్రధాని మొరార్జీ దేశాయ్ సెల్యులార్ జైలును జాతీయ స్మారకంగా అంకితం చేశారు. సరిగ్గా రెండు నెలలు తిరగకుండానే, ఏప్రిల్ 10న, పౌర రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో భారత్ చేరింది. చేరుతూ ఒక మినహాయింపు పెట్టింది: అక్రమ నిర్బంధానికి గురైనవారికి పరిహారం పొందే హక్కు మా న్యాయవ్యవస్థలో లేదు అని. ఎమర్జెన్సీలో జైళ్ళు చూసివచ్చిన మంత్రులున్న ప్రభుత్వమది. ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదివినవారు అప్పుడు ఉన్నట్టు లేదు.

సుప్రీంకోర్టు మాత్రం ఊరుకోలేదు. 1983లో రుదుల్ సా కేసు, 1993లో నీలబతి బెహరా కేసు, 1996లో డి.కె. బసు కేసు: పరిహారం ఇప్పించే మార్గాన్ని న్యాయమూర్తులే వేశారు, ఆ మినహాయింపుకు ఇక విలువ లేదని కూడా బసు తీర్పులో అన్నారు. అయినా పరిహారం వేరు, పునరావాసం వేరు. పునరావాసమనగానే మనవారికి శ్రీశైలం, పోలవరం ముంపు గ్రామాలు గుర్తుకు వస్తాయి. ఇక్కడ దాని అర్థం అది కాదు. విరిగిన కీళ్ళకు ఏళ్ళ తరబడి చికిత్స, నిద్రపట్టని మనిషికి మనోవైద్యుడు, పోయిన ఉద్యోగానికి మరో ఆసరా. 1982లో డెన్మార్క్ వైద్యురాలు ఇంగె గెనెఫ్కే కోపెన్‌హాగన్‌లో ఇందుకొక ప్రత్యేక కేంద్రమే తెరిచారు. అంతకు ముందటి సంవత్సరం ఐక్యరాజ్యసమితి ఒక నిధి నెలకొల్పింది. 1984 నాటి చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం 14వ అధికరణం ఈ బాధ్యతను ప్రభుత్వాల మీదనే పెట్టింది. ఆ ఒప్పందం మీద మనం 1997లో సంతకం చేశాము, ధ్రువీకరించలేదు.

2010 మే 6న లోక్‌సభ చిత్రహింసల నిరోధక బిల్లును ఆమోదించిన రోజు నాకు గుర్తున్నది. శిక్షల గురించి ఉన్నది గాని, బాధితుడి వైద్యం గురించి అందులో ఒక్క మాట లేదు. ఫిర్యాదుకు ఆరు నెలల గడువు పెట్టారు! రాజ్యసభ దానిని సెలక్ట్ కమిటీకి పంపి మంచిపని చేసింది. కమిటీ నివేదిక ఆ డిసెంబరులోనే వచ్చింది. 2014లో సభతో పాటు బిల్లు కూడా కాలం చేసింది. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో, వైద్యానికీ పునరావాసానికీ చాలినంత పరిహారం ఉండాలని స్పష్టంగా వ్రాసింది. చట్టం చేయమని పార్లమెంటును శాసించలేమని 2019 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పివేసింది. బంతి మళ్ళీ హోం శాఖ ముంగిట్లోనే ఉన్నది.

శాంతిభద్రతలు రాష్ట్రాల విషయమని హోం శాఖ వారు తరచుగా చెప్పే మాట అండమాన్‌లో చెల్లదు. అది కేంద్రపాలిత ప్రాంతం, శాసనసభ లేదు, అక్కడి పోలీసు హోం శాఖకే జవాబుదారీ. పింఛను ఇచ్చేదీ ఆ శాఖే. చూడబోతే ఆ పింఛనులు చూసే విభాగం పేరే స్వాతంత్ర్య సమరయోధులు, పునరావాస విభాగం. ఆ పునరావాసం శరణార్థులకు సంబంధించినది లెండి. జైలు ఆవరణలోనే, కూల్చిన భుజాల స్థలంలో, 1963 నుంచి గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి నడుస్తున్నది. శాఖ ఉన్నది, ఆసుపత్రి ఉన్నది, హింసకు వెల కట్టిన అనుభవం కూడా ఉన్నది.

పింఛనుదారులు ఏటేటా తరిగిపోతున్నారు. మిగిలినవారిలో ఎక్కువమంది వితంతువులు. ఆ పద్దులో ఆదా అయ్యే సొమ్ములో కొంత తీసి, లాకప్‌లో దెబ్బతిన్నవారి చికిత్సకు ఒక ఉపపద్దు తెరవటానికి కొత్త చట్టం దాకా ఆగనక్కరలేదు; గ్రాంట్ల చర్చలో ఒక సభ్యుడు లేచి అడిగితే చాలు. అండమాన్‌కు లోక్‌సభలో ఉన్నది ఒకే స్థానం. ఆ ప్రశ్న అక్కడినుంచే రావాలని నియమమేమీ లేదు. మల్లుదొర కూర్చున్నది విశాఖ స్థానంలో.