మంచాన పడితేనే బీమా

మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి జ్వరం వచ్చిందనుకోండి. కంపెనీ ఇచ్చిన గ్రూపు బీమా లక్షల్లో ఉంటుంది. అయినా చాలా పాలసీల్లో డాక్టరు ఫీజు, రక్తపరీక్షల ఖర్చు సొంత జేబులోంచే పోతాయి. అది డెంగీగా తేలి అడ్మిట్ అయితే మాత్రం అంతా క్యాష్‌లెస్. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి ఈ చుట్టుపక్కల కార్పొరేట్ ఆస్పత్రులు లేస్తూనే ఉన్నాయి. ఇంటిల్లిపాదినీ ఎరిగిన డాక్టరు మాత్రం అరుదైపోయాడు. ఓపీకి డబ్బు కట్టే సంస్థ లేదు, మంచానికి ఉంది. నా లెక్కలో అసలు సంగతి ఇదే.

ప్రభుత్వమూ ఈ దారినే నడిచింది. 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీతో, ఆస్పత్రులు నడిపే సర్కారు చికిత్సను కొనే సర్కారు కూడా అయింది. గుండెకు, కిడ్నీకి ప్యాకేజీ ధర కట్టారు. ఎందరో బతికారు, కాదనలేం. కానీ బీపీ అదుపులో పెట్టి గుండెపోటు రాకుండా చూసిన డాక్టరుకు ఏ ప్యాకేజీ లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూర్చోబెట్టిన ఆరోగ్యమిత్ర పని కూడా రోగికి పెద్దాసుపత్రి దారి చూపడమే. తెలంగాణలో 2023 డిసెంబరు 9న పరిమితి 10 లక్షలకు పెరిగింది. పెరిగింది మళ్లీ మంచం ఖాతాయే.

విచిత్రమేమిటంటే, మాదాపూర్‌ ఐటీ కారిడార్‌లోనే ఓపీకి కూడా ముందే డబ్బు కట్టేసిన మనిషి ఒకడున్నాడు. గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు. నెలకు 20 వేలు జీతమైతే ఈఎస్‌ఐకి అతని వాటా 150, యజమాని వాటా 650. ఆ 800లో డిస్పెన్సరీ చూపు, మందులు, ఆస్పత్రి, కుటుంబం అన్నీ కలిసి ఉన్నాయి. ప్రైవేటు డాక్టర్లను ప్యానెల్‌లో పెట్టుకుని, తమ దగ్గర పేరు నమోదైన కార్మికుల లెక్కన తలసరి ఫీజు చెల్లించే పద్ధతి కూడా ఈఎస్‌ఐలో ఉంది. కాగితం మీద చూస్తే అద్దాల మేడలోని ఇంజనీరు కంటే గేటు కాసే మనిషికే మెరుగైన బీమా. జీతం 21 వేలు దాటితే అదీ పోతుంది!

ఇంగ్లండ్‌లో జీపీకి, అంటే ఇంటి డాక్టరుకు, ఆదాయంలో పెద్ద వంతు ఈ తలసరి పద్ధతిలోనే వస్తుంది. 2013 ఏప్రిల్లో అక్కడ ఇంకో అడుగు వేసి, ఆస్పత్రి సేవలు కొనే పెత్తనాన్నే జీపీల బృందాలకు అప్పగించారు. డాక్టరు రోగిని చూడాలా, కాంట్రాక్టులు చూడాలా అన్న తగువు తెగకుండానే 2022 జులైలో ఆ బృందాలను రద్దు చేశారు. మనం తెచ్చుకోవలసింది ఆ పెత్తనం కాదు, తలసరి ఫీజు.

2018లో హైదరాబాద్‌లో మొదలైన బస్తీ దవాఖానాలు డాక్టరును వీధిలోకి తెచ్చాయి. కానీ అవి తెరిచి ఉండేది పగటిపూట, గార్డు డ్యూటీలో ఉండే వేళ. రాత్రి జ్వరంతో తిరిగొచ్చిన అతనికి గల్లీ చివర వెలిగే దీపం ఆర్‌ఎంపీదే.